పిల్లి నోట పడిన కోడిని బతికించుకుందాం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ చెల్లెళ్లు అడిగినప్పుడు, ఎప్పటిలాగే ‘విద్యార్థులు - క్రమశిక్షణ’ అనే అంశం మీద రాద్దామనుకున్నాం. అయితే ఆ అంశం మీద మన సంచికలో ఏటా రెండు మూడు వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. అందుకని మనందరి ఇళ్లలో ఉండి, మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఎక్కడా కనిపించని ఒక విషయాన్ని ఎంచుకున్నాం. అదే పెరటి కోడి. అందులోనూ కుక్కో, పిల్లో, ముంగిసో పట్టి వదిలేసిన కోడిని ఎలా చూసుకోవాలి అనేది.

చదవగానే నవ్వు రావచ్చు. ఎం.ఎస్సీ. చదువుతూ కోళ్ల గురించి రాయడమేమిటని అనుకోవచ్చు. కానీ 2019లో జరిగిన 20వ పశుగణన లెక్కల ప్రకారం మన దేశంలో పెరటి కోళ్లు 31 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిని పెంచేది ఎక్కువగా మన అమ్మలూ అవ్వలూ. సెంటు భూమి లేని ఇంట్లో కూడా నాలుగు కోళ్లుంటాయి. బ్యాంకు పుస్తకం లేని రోజుల్లో అవే వాళ్ల బ్యాంకు. మేము అక్కచెల్లెళ్లం ఇద్దరం హాస్టల్లో చేరేటప్పుడు తెచ్చుకున్న ట్రంకుపెట్టె ఒక పుంజు, రెండు పెట్టలు అమ్మిన డబ్బుతో కొన్నదే. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాది. ఆ పట్టాలో కొంత వాటా మా అవ్వ కోళ్లదని చెప్పుకోవడానికి మాకు సిగ్గు లేదు.

మేము చేసిన తప్పు

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు పల్లె. వానలు సరిగా పడని సంవత్సరం మా అమ్మానాయనలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. ఇంటి దగ్గర అవ్వ, కోళ్లు మిగులుతాయి. 2016 సంక్రాంతి సెలవులకు మేము ఇంటికి వెళ్లిన రెండో రాత్రి బావురుపిల్లి వచ్చింది. గంప మీద పెట్టిన రాయి చిన్నది కావడంతో గంపను పక్కకు నెట్టి నల్లపెట్టను పట్టుకుంది. కోడి అరుపుకు అవ్వ లేచి కట్టె పట్టుకుని పోయేసరికి వదిలి పారిపోయింది.

వీపు మీద తోలు లేచిపోయింది. ఒక రెక్క వేలాడుతోంది. “పిల్లి నోట పడిందింక బతకదు, కోసేద్దాం పాపా” అంది అవ్వ. మేము ఒప్పుకోలేదు. హాస్టల్లో ప్రథమ చికిత్స పాఠం చదువుకున్న గర్వం మాకు ఉండేది. పసుపు అద్ది, పాత ఓణీ చింపి, రక్తం ఆగాలని కోడి ఒళ్లంతా గట్టిగా చుట్టి ముడి వేశాం. పొద్దున లేచి చూస్తే గుడ్డకు రక్తం మరక కూడా పెద్దగా లేదు. కోడి మాత్రం చచ్చిపోయి ఉంది. “దాని ఆయుష్షు అంతే లేమ్మా” అని అవ్వ మమ్మల్నే ఓదార్చింది.

డిగ్రీలో జంతుశాస్త్రం క్లాసులో పక్షుల శ్వాసవ్యవస్థ చెబుతూ లెక్చరర్ గారు ఒక మాట అన్నారు. మనుషులకు ఉన్నట్లు పక్షులకు ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. రొమ్మును గట్టిగా పట్టుకుంటే ముక్కు మూయకపోయినా ఊపిరాడక చచ్చిపోతాయి. ఆ రోజు మిగతా క్లాసు మాకు వినిపించలేదు. నల్లపెట్టను చంపింది బావురుపిల్లి కాదు, మేము కట్టిన కట్టు అని అప్పుడు తెలిసింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. జంతువు నోటి నుంచి బయటపడ్డ కోళ్లలో కొన్ని గాయం వల్ల చస్తాయి. కొన్ని మన తొందర వల్ల చస్తాయి. రెండో రకం చావులను మనం తప్పించవచ్చు.

మొదటి అరగంట

1. ముందుగా కోళ్లన్నింటినీ మూసి, లెక్క చూసుకోవాలి. భయపడిన కోడి పిలిస్తే రాదు. గడ్డివాము సందులోనో, కంపచెట్ల కిందో కదలకుండా కూర్చుంటుంది. కనపడనంత మాత్రాన పోయిందని అనుకోకుండా చీకటి పడేలోగా వెతకాలి.

2. గాయపడిన కోడిని రెండు చేతులతో, రెక్కలను ఒంటికి ఆనించి, మెల్లగా ఎత్తాలి. కాళ్లు పట్టి తలకిందులుగా మోయకూడదు.

3. రక్తం కారుతుంటే శుభ్రమైన నూలు గుడ్డతో ఆ చోట అదిమి పట్టాలి. అయిదు నుంచి పది నిమిషాలు గుడ్డ తీసి చూడకూడదు. కిలోన్నర బరువున్న పెట్టలో ఉండే రక్తం మొత్తం సుమారు 100 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసు. మన కంటికి రెండు చెంచాలే అనిపించినా దానికి అది ఎక్కువే.

4. రక్తం ఆగాక గంప కిందనో, అట్టపెట్టెలోనో పాత గోనెసంచి పరిచి కూర్చోబెట్టాలి. పైన గుడ్డ కప్పి చీకటిగా ఉంచాలి, గాలి మాత్రం ఆడాలి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ వేడి తగ్గిపోతుంది. చలికాలమైతే వేడినీళ్లు పోసిన సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి.

5. చుట్టూ పిల్లలు చేరి చూడకుండా ఆపాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ముఖ్యమైనది. పైకి పెద్ద గాయం లేకపోయినా భయంతోనే చచ్చిపోయే కోళ్లు ఉన్నాయి.

గాయం కడగడం

కోడి కాస్త కుదుటపడ్డాక, వెలుతురులో ఈకలు విడదీసి ఒళ్లంతా చూడాలి. మెడ వెనక, రెక్కల కింద, వీపు, తోక మొదలు తప్పకుండా చూడాలి. పిల్లి, కుక్క కోరలు దిగిన చోట పైకి బియ్యపు గింజంత రంధ్రమే కనిపిస్తుంది. లోపల మాత్రం లోతుగా ఉంటుంది. ఒకటి దొరికితే దాని జంట కోసం వెతకాలి, ఎందుకంటే కోరలు జంటగా దిగుతాయి.

గాయం చుట్టూ ఉన్న ఈకలను కత్తెరతో కత్తిరించాలి. పీకకూడదు. పీకితే తోలు ఇంకా చిరుగుతుంది.

కడగడానికి కాచి చల్లార్చిన నీళ్లు లీటరుకు ఒకటిన్నర టీచెంచాల ఉప్పు, అంటే సుమారు 9 గ్రాములు కలిపితే చాలు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో ఉండే ఉప్పు పాలు కూడా ఇంతే. సూది తీసేసిన సిరంజితో ఆ నీళ్లు కొడుతూ మట్టి, వెంట్రుకలు, ఎండిన రక్తం పోయేదాకా కడగాలి. తర్వాత పావిడోన్ అయోడిన్ మందును పాలు పోయని పల్చటి టీ రంగు వచ్చేలా నీళ్లలో కలిపి అద్దాలి.

ఒక జాగ్రత్త ఉంది. కోడి ఊపిరితిత్తులకు అనుబంధంగా పొట్టలోనూ రొమ్ములోనూ గాలి సంచులు ఉంటాయి. రెక్క మొదట్లో ఉన్న ఎముక కూడా లోపల బోలుగా ఉండి ఆ సంచులతో కలిసి ఉంటుంది. కాబట్టి లోపలి దాకా తెరుచుకున్న గాయంలో, ఎముక బయటికి వచ్చిన చోట నీళ్లు కొట్టకూడదు. ఆ నీళ్లు ఊపిరి మార్గంలోకి పోతాయి. అలాంటి చోట తడి గుడ్డతో పైపైన తుడిచి, పశువైద్యుడికి చూపించాలి.

మన ఊళ్లలో కిరోసిన్ పోయడం, బండి గ్రీజు పూయడం, పొగాకు నమిలి ఉమ్మడం, బూడిద అద్దడం ఉన్నాయి. ఇవేవీ చేయకూడదు. పసుపు పైగాయానికి కొద్దిగా అద్దవచ్చు కానీ కోరల రంధ్రాల్లో కూరకూడదు. పైన మూసుకుపోయి లోపల చీము పడుతుంది. కోడి చీము మన చీములా కారదు. జున్నులా గట్టిపడి లోపలే ఉండిపోతుంది.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయకూడదు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పశువుల కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లోకి చేరి వాటి మూత్రపిండాలను పాడుచేసింది. రాబందులు దాదాపు కనుమరుగయ్యాక 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. మనిషికి పనిచేసిన మందు పక్షికి విషం కావచ్చనడానికి ఇంతకంటే పెద్ద పాఠం అక్కర్లేదు.

కట్టు, ఈగలు

వీలైనంత వరకు గాయానికి కట్టు కట్టకుండా ఉంచడమే మేలు. రెక్క విరిగితే మాత్రం దాన్ని సహజంగా మడిచి, మెత్తటి గుడ్డతో ఒంటికి ఆనించి కట్టాలి. కట్టిన తర్వాత గుడ్డకూ రొమ్ముకూ మధ్య మన వేలు సులువుగా దూరాలి. కోడి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే వెంటనే విప్పేయాలి. మేము చేసిన తప్పు మీరు చేయవద్దు.

వానాకాలంలో, వేసవిలో గాయం కంటే ఈగలే ప్రమాదం. ఈగ గుడ్లు పెట్టిన ఒక రోజులోపే పురుగులు పుట్టగలవు. అందుకని కోడిని దోమతెర కింద ఉంచాలి. రోజుకు రెండుసార్లు గాయం చూడాలి. గాయం అంచుల చుట్టూ (లోపల కాదు) కొద్దిగా వేపనూనె రాస్తే ఈగలు వాలడం తగ్గుతుంది. పురుగులు కనిపిస్తే ఒక్కొక్కటి తీసి ఉప్పునీళ్లతో కడగాలి. లోతుగా ఉంటే పశువైద్యశాలకు తీసుకుపోవాలి.

నీళ్లు, మేత

దెబ్బతిన్న కోడికి మేత కంటే నీళ్లు ముందు. గ్లాసు నీళ్లలో చిన్న బెల్లం ముక్క, చిటికెడు ఉప్పు కలిపి మూకుడులో ముందు పెట్టాలి. తాగకపోతే ముక్కును నీళ్లలో తడపాలి, లేదా ముక్కు పక్కన చుక్క చుక్క వేయాలి. నోరు తెరిచి పోయకూడదు. కోడి నాలుక వెనకే గాలిగొట్టం రంధ్రం ఉంటుంది. పోసిన నీళ్లు అందులోకి పోతే ఊపిరితిత్తులు నిండి చస్తుంది.

తర్వాత నానబెట్టిన నూకలు, మెత్తగా ఉడికిన జొన్నన్నం పెట్టవచ్చు. కొత్త తోలు, కొత్త ఈకలు రావడానికి మాంసకృత్తులు కావాలి కాబట్టి ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టడం మంచిది. కోడికి కోడిగుడ్డా అని మా అవ్వ ముక్కు మీద వేలేసుకుంది. కానీ పెట్ట కళ్లు తెరవగానే మొదట తిన్నది అదే.

కొన్ని వారాలు గుడ్లు పెట్టదు. దాన్ని తప్పు పట్టకూడదు. మొదలంటా ఊడిన తోక ఈకలు మళ్లీ వస్తాయి. మధ్యలో విరిగినవి మాత్రం ఈకలు రాల్చే కాలం దాకా అలాగే ఉంటాయి.

విడిగా ఉంచి, మళ్లీ కలపాలి

ఎర్రగా కనిపిస్తే చాలు మిగతా కోళ్లు పొడుస్తాయి. తోటిదన్న జాలి ఉండదు. అందుకే గాయం మాని, ఈకలు మొలిచేదాకా విడిగా ఉంచాలి. అయితే ఒంటరిగా ఏ మూల గదిలోనో పెడితే మంద దాన్ని మరచిపోతుంది, తిరిగి వచ్చినప్పుడు కొత్తదానిలా తరుముతుంది. కాబట్టి పగలు గంప కింద మిగతావాటికి కనిపించేలా ఉంచాలి. కలిపేటప్పుడు రాత్రి పూట, అన్నీ నిద్రలో ఉన్నప్పుడు గూట్లో వదిలి, పొద్దున కాసేపు కనిపెట్టి ఉండాలి.

పొదుగుతున్న పెట్ట పోతే గుడ్లను పారవేయకూడదు. వెంటనే ఇంకో పొదుగు పెట్ట కింద పెడితే దక్కవచ్చు. పిల్లల తల్లి పోతే పిల్లలను రాత్రి పూట, అదే వయసు పిల్లలున్న పెట్ట రెక్కల కిందికి చేర్చాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

గాయం వాసన వస్తున్నా, చుట్టూ తోలు పచ్చగా నల్లగా మారుతున్నా, తోలు కింద గాలి చేరి బుడగలా ఉబ్బినా, ఒక రోజంతా ఏమీ తినకపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా ఆలస్యం చేయకూడదు. మండలంలో పశువైద్యశాల ఉంటుంది. 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం సాయం అడగవచ్చు. ఒక కోడి కోసమా అని సంకోచించవద్దు. యాంటీబయాటిక్ మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. ఎన్ని రోజుల దాకా దాని గుడ్లు, మాంసం తినకూడదో కూడా అడిగి తెలుసుకోవాలి.

నడుము విరిగి కాళ్లు చచ్చుబడినా, పేగులు బయటికి వచ్చినా కోడిని బాధపెట్టి ఉంచడం దయ కాదు. అప్పుడు అవ్వ మాటే సరైనది. అయితే పిచ్చికుక్క అని అనుమానమున్న కుక్క కరిచిన కోడిని కోసి తినకూడదు. చనిపోయి దొరికినదాన్ని కూడా తినకుండా లోతుగా గుంట తీసి పూడ్చాలి.

మన చేతుల సంగతి

కోడిని విడిపించే తొందరలో కుక్కో, పిల్లో, ముంగిసో మనల్ని కరవవచ్చు, గీరవచ్చు. ఆ గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి. చిన్న గీత అని వదిలేయకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. కరవకపోయినా, చొంగ అంటిన ఈకలను ముట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోవాలి. చేతి మీద పుండ్లు ఉంటే ప్లాస్టిక్ సంచి తొడుక్కుని పట్టుకోవాలి.

ఇక్కడ మన పాఠ్యపుస్తకంలోని ఒక పేరు గుర్తు చేసుకుందాం. లూయీ పాశ్చర్ 1879-80 ప్రాంతంలో కోళ్ల కలరా మీద ప్రయోగాలు చేస్తూ, పాతబడి బలహీనమైన సూక్ష్మజీవులను ఎక్కించిన కోళ్లు ఆ తర్వాత అసలు జబ్బును తట్టుకోవడం గమనించాడు. ఆ దారిలోనే 1885లో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుడికి రేబిస్ టీకా వేశాడు. పాశ్చర్ చనిపోయిన సెప్టెంబర్ 28నే ప్రపంచ రేబిస్ దినంగా జరుపుతున్నారు. కోళ్ల కలరా సూక్ష్మజీవికి ఆయన పేరు మీదనే పాశ్చురెల్లా అని పేరు పెట్టారు. ఆ సూక్ష్మజీవి పిల్లుల నోళ్లలోనూ ఉంటుంది. పిల్లి కోర దిగిన చిన్న రంధ్రాన్ని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పింది అందుకే. మనిషిని కాపాడిన టీకా కథకు మొదట్లో ఉన్నది కోడి. మనం దాని రుణం కొంచెం తీర్చుకోవచ్చు.

మళ్లీ రాకుండా

ఒకసారి రుచి మరిగిన జంతువు మళ్లీ వస్తుంది. అందుకని ఆ రోజు సాయంత్రంలోగానే గూడు బాగు చేయాలి. ముందుగా వచ్చిందెవరో తెలుసుకోవాలి. కుక్కలైతే ఒకటికి రెండింటిని చంపి అక్కడే వదిలేస్తాయి. బావురుపిల్లి, నక్క కోడిని ఎత్తుకుపోతాయి, ఈకలు దారి చూపిస్తాయి. పట్టపగలు పిల్ల ఒక్కటే మాయమైతే గద్దను అనుమానించాలి. గుడ్లు పెంకు కూడా మిగలకుండా పోతే పాము, పెంకులు పగిలి ఉంటే ముంగిస కావచ్చు.

గంప మీద పెట్టే రాయి ఇద్దరు పిల్లలు కలిసి ఎత్తేంత బరువుండాలి. గూటికి అర అంగుళం కన్నుల ఇనుప జల్లెడ కొట్టాలి. అడుగున జల్లెడను అడుగు వెడల్పు బయటికి పరిచి మట్టి, రాళ్లు కప్పితే తవ్వలేవు. తలుపుకు కొక్కెం ఉండాలి. పొద్దు గూకేలోగా కోళ్లను మూసే పనిని ఇంట్లో ఒకరికి అప్పజెప్పాలి. విషం పెట్టవద్దు. ఆ విషం మన కుక్కనూ, పక్కింటి మేకనూ చంపుతుంది. ముంగిస, బావురుపిల్లి ఎలుకలను తిని మనకు మేలు చేస్తాయి కూడా. వాటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

రెండో పెట్ట

2024 వేసవి సెలవుల్లో మా ఎర్రపెట్టను వీధికుక్క పట్టింది. వీపు మీద అరచేయంత తోలు లేచింది. అవ్వ కత్తిపీట తీసింది. “అవ్వా, ఒక్క రాత్రి ఆగు” అన్నాం. ఈసారి కట్టు కట్టలేదు. ఉప్పునీళ్లతో కడిగి, మందు అద్ది, దోమతెర కింద గంపలో పెట్టి, రాత్రంతా వంతులవారీగా చూశాం. మూడో రోజు గుడ్డు తింది. నెల తిరిగేసరికి వీపు మీద కొత్త ఈకలు మొలిచాయి. దసరా తర్వాత పదకొండు గుడ్లు పొదిగి తొమ్మిది పిల్లలను లేపింది. అందులో రెండు పెట్టలను అమ్మి అవ్వ మా చెల్లెలి పరీక్ష ఫీజు కట్టింది.

నల్లపెట్ట ఎందుకు చనిపోయిందో మేము అవ్వకు చాలా రోజులు చెప్పలేదు. ఎర్రపెట్ట బతికాక చెప్పాం. ఆమె కాసేపు ఊరుకుని, “ఆ సంగతి మీ పుస్తకంలో ఉందా? అయితే బాగా చదవండి” అంది.

చెల్లెళ్లారా, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంటి గంప మీద రాయిని ఒకసారి ఎత్తి చూడండి. తేలిగ్గా లేస్తే ఆ రోజే మార్చండి. ఈ పేజీని మీ అమ్మకో, అవ్వకో చదివి వినిపించండి. ఇందులో లేనిది వాళ్లు ఏదైనా చెబితే రాసుకుని రండి. వచ్చే సంచికలో వేసుకుందాం.